దీపంతల్లో మలీద

మొన్న మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ వస్తూ కిరాణా కొట్లో ఎలుకల మందు పొట్లం ఒకటి కొనుక్కొచ్చాడు. పటేల్‌గూడలో మేం కిరాయికి ఉంటున్న ఈ రెండు గదుల ఇంట్లో బియ్యం డబ్బా వెనక, కిటికీ గట్టు మీద, చివరికి పాప ఉయ్యాల కింద కూడా నల్ల జీలకర్ర లాంటి ఎలుక పెంటికలు కనిపిస్తున్నాయని వారం రోజులుగా గొడవ పెట్టింది నేనే. పొట్లం విప్పాను. వేయించిన జొన్నల వాసన, పల్లినూనె వాసన, ఆ రెండింటి అడుగు నుంచి మెల్లగా బెల్లం వాసన వచ్చాయి. పొట్లాన్ని మడిచి తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, ఇంట్లో పెట్టొద్దని, దూరంగా పాతిపెట్టి చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మని చెప్పాను. "ఏందే, ఎలుకలు పోవాలంటివి, ఇప్పుడు మందొద్దంటవా?" అన్నాడాయన. పది నెలల పాప పాకుతూ వచ్చి నా కుచ్చిళ్లు పట్టుకుని చీర అంచు నోట్లో పెట్టుకుంది. దాని నోట్లోంచి అంచు లాగేశాను. ఆ పొట్లంలో ఉన్నది మా అమ్మ వంటింటి వాసన. అమ్మ పోయి మూడేళ్లయింది. ఆమెను తలుచుకోవడానికి నాకు మిగిలిన వాసన విషపు పొట్లంలో ఉండడం ఎందుకో ఆయనకు ఇంకా చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు పాశమైలారానికి మైలు దూరం. అప్పటికి అక్కడ ఫ్యాక్టరీలు లేవు. వానాకాలం పెసర్లూ మక్కలూ, చలి మొదలయ్యే నాటికి మోకాలెత్తు జొన్న, సాళ్ల మధ్య కంది, చెలకల గట్ల మీద తంగేడు, గునుగు. జొన్న పాలు పోసుకున్నాక చేనులోనే మంట పెట్టి కంకులు కాల్చి, గొంగడి మీద రాల్చి, పొట్టు ఊదుకుంటూ వేడివేడి గింజలు బుక్కేవాళ్లం. అనపకాయలు ఉడకబెట్టిన రోజు వీధంతా అదే వాసన. మా ఇల్లు మట్టిగోడల ఇల్లు. లోపలి అర్రలో వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మి ఒకటి నా ఎత్తుకు రెండింతలు ఉండేది, ఏడాది జొన్నలన్నీ అందులోనే. గుమ్మి ఉన్న ఇంట్లో చిట్టెలుకలు ఉండకుండా ఎలా ఉంటాయి? పెంకుల సందుల్లో, దూలాల మీద, మూటల మధ్య అవి తిరుగుతూనే ఉండేవి. వాటి మీద మాకు కోపం ఉండేది కాదు. గుమ్మి నిండిన ఏడు అవీ బలిసేవి, ఎండిన ఏడు అవీ బక్కచిక్కేవి.

బొంబాయి రోడ్డు పక్కన ఒక మందుల కంపెనీ వాళ్లు రేకుల షెడ్డు వేసి, ఇంట్లో తిరిగే ఎలుకల మీద విషపు ఎరలు పరీక్షించే ల్యాబ్ పెట్టినప్పుడు నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. మా నాయిన నర్సింలు అందులో అటెండరుగా చేరాడు. ఊళ్లో వైరు బోన్లు పంచి, పడ్డ ఎలుకలను ప్రాణంతో తీసుకుపోవడం, వాటికి తిండీ నీళ్లూ పెట్టడం, దినాం కాటా మీద పెట్టి బరువు జోకడం, చచ్చినవాటిని తీసి గుంతలో వేయడం ఆయన పని. ఊరివాళ్లు దానికి చిట్టెలుకల దవాఖాన అని పేరు పెట్టారు. మా పక్కింటి మల్లయ్య మామ నాయిన కనిపిస్తే చాలు అడిగేవాడు:

"ఏం నర్సింలు, మీ దవాఖానల మంచిగై ఇంటికొచ్చిన సిట్టెలుక ఒక్కటన్న ఉన్నదా?"

"మంచిగైనయన్ని మీ ఇంట్లనే ఉన్నయి మామా, పోయి సూస్కో," అనేవాడు నాయిన.

బడి లేని రోజు నాయినకు సద్దిమూట తీసుకుని షెడ్డుకు పోయేదాన్ని. లోపల ఎప్పుడూ చీకటిగా, ఎలుకల ఉచ్చ కంపుతో, ఎండాకాలం ఆ రేకుల కింద ఊపిరాడనట్టుగా ఉండేది. గోడ పొడుగునా మూడు వరసల్లో పంజరాలు, ఒక్కో పంజరంలో ఒక్కటే ఎలుక. ప్రతి పంజరంలోనూ రెండు దీపంతలు, దీపావళికి మనం వెలిగించే మట్టి ప్రమిదలే. మొదట్లో రేకు గిన్నెలు పెట్టారట, ఎలుకలు ఎక్కి తొక్కి బోర్లించేవట. మన దీపంతలు బరువుగా ఉంటాయని నాయిన చెప్పి కుమ్మరి వాళ్ల దగ్గర చేయించాడు. ఒక దీపంతలో మామూలు తిండి, రెండో దాంట్లో విషం కలిపిన తిండి. ఎలుకకు ఒకే మూలన తినే అలవాటు ఉంటుందని, రోజూ పొద్దున కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చాలి. మార్చినా విషం ఉన్నదాన్నే వెతుక్కుని తింటే ఆ ఎర పాసైనట్టు.

ఆ తిండి తయారు చేసేది మా అమ్మ. అదెలా జరిగిందంటే, సారు పట్నం నుంచి తెప్పించిన పిండ్లేవీ మా ఊరి ఎలుకలు సరిగ్గా ముట్టలేదు. సారు అంటే ఆ ల్యాబ్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఆఫీసరు, గుంటూరు వైపు నుంచి వచ్చిన వయసు కుర్రాడు, షెడ్డు పక్క గదిలో ఒక్కడే వండుకుని తినేవాడు. "మీ ఇళ్లలో అవి ఏం తింటాయి నర్సింలూ?" అని అడిగితే నాయిన నవ్వులాటకు, "మా ఇంట్ల మలీద తింటయి సారూ" అన్నాడట. సారు నవ్వలేదు, ఎలా చేస్తారో రాసుకున్నాడు. పీర్ల పండుగకూ, సద్దుల బతుకమ్మకూ మా వైపు ప్రతి ఇంట్లో చేసేదే మలీద. కాల్చిన రొట్టెను వేడి మీదే నలిపి, బెల్లం కలిపి, నెయ్యి పోసి ముద్ద కట్టడం. సారు కోసం అమ్మ నెయ్యి బదులు పల్లినూనె పోసి, చెడిపోకుండా వేయించిన జొన్నపిండి కలిపి, ముద్ద కట్టకుండా పొడిపొడిగా చేసింది. ఎలుకలు ఎగబడి తిన్నాయి. అప్పటి నుంచి వారానికి ఒకసారి డబ్బా నిండా చేసి పంపేది. బాయి కాడ ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏం సత్తెమ్మా, సిట్టెలుకలకు సద్దులు కడ్తున్నవట గద?"

"కడ్తున్న. మీ మొగోళ్ల లెక్క ఉప్పు లేదు, కారం లేదని ఒర్రయి. పెట్టింది పెట్టినట్టు తింటయి," అనేది అమ్మ, చేద లాగుతూ.

వారం చివర ల్యాబ్‌లో విషం కలపని తిండి ఎంతో కొంత మిగిలేది. పారేయడం ఎందుకని నాయిన దాన్ని ఇంటికి తెచ్చేవాడు. అది మా అమ్మ చేతి వంటే, మా జొన్నలే, మా బెల్లమే. కొంత కోళ్లకు వేసేవాళ్లం, కొంత నేనూ చెల్లె సుగుణా తినేవాళ్లం. పండుగ ఏడాదికి రెండుసార్లు వస్తే మాకు మలీద ప్రతి శనివారం వచ్చేది.

విషం ఉన్నదేదో లేనిదేదో తెలిసేందుకు ఒక గుర్తు ఉండేది. నాయిన నిజాం కాలంలో నాలుగో జమాత్ దాకా ఉర్దూలో చదివాడు. ఉర్దూ ముత్యాల్లా రాసేవాడు గానీ తెలుగు చదవడం రాదు, ఇంగ్లిషు అసలే రాదు. సారుకు తెలుగు, ఇంగ్లిషు వచ్చు, ఉర్దూ ఒక్క ముక్క రాదు. పొద్దస్తమానం ఒకే కప్పు కింద పనిచేసే ఆ ఇద్దరూ మాట్లాడుకోగలరు గానీ ఒకరి రాత ఒకరు చదవలేరు. అందుకని సారు విషం కలిపిన తిండిలో బట్టలకు పెట్టే నీలిమందు లాంటి రంగు కలిపేవాడు. "మనుషులు తినే తిండిలో నీలం రంగుది ఏదైనా ఉందా నర్సింలూ? లేదు కదా. ఇంక ఎవరికీ పొరపాటు రాదు," అన్నాడట. నాయిన ఆ మాటను ఇంటికి తెచ్చి మాకు పాఠంలా నేర్పాడు. "నీలముంటే ఇసం, లేకుంటే బువ్వ. యాదుంచుకోండ్రి." సుగుణకు సరిగ్గా మాటలు రాకముందే అది వచ్చు.

సారు అప్పుడు పరీక్షిస్తున్నది నిదానంగా పనిచేసే మందు. తిన్న వెంటనే చస్తే మిగతా ఎలుకలు కనిపెట్టి ఆ తిండి జోలికి పోవు. ఇది అలా కాదు, నాలుగైదు రోజులు వరసగా తినాలి, తిన్నన్ని రోజులూ ఎలుక ఆడుతూనే ఉంటుంది, అనుమానం రాదు. లోలోపల నెత్తురు గడ్డకట్టే గుణం పోతుంది, ఆ తర్వాత ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా లోపలే కారిపోతుంది. నాయిన పంజరంలో ఎలుకను బయటి నుంచి చూసే చెప్పేవాడు. "సెవులు సూడు, తెల్లగైనయి. ఇగ రెండొద్దులు." ఎలుక చెవులు వెలుతురుకు గులాబిరేకుల్లా కనిపిస్తాయి. ఆ రేకులు కాగితంలా అయ్యేవి. ఒళ్లంతా వెంట్రుకలు లేచి, గూని పెట్టుకుని ఒక మూలన కూచునేది. నేను చాలాసార్లు చూశాను. నాకేమీ అనిపించలేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సుగుణ నాకంటే ఆరేళ్లు చిన్నది. దానికి నాలుగేళ్లు నిండాయి. నేను గచ్చకాయలు ఎగరేస్తుంటే నేల మీద పడ్డవాటిని ఏరి ఒళ్లో దాచుకునేది, ఇవ్వమంటే పరిగెత్తేది. వామనగుంటల్లో నేను వేసిన చింతగింజలు తీసి దాని గుంటలో పోసుకుని గెలిచానని అరిచేది. నేను ఏం చేస్తే అది చేయాలి, నేను బడికి పోతే గడప మీద కూచుని ఏడవాలి. తిండి దగ్గర మాత్రం నన్ను మించినది, చేతిలో పెట్టింది అయిపోయాక అరచెయ్యి నాకుతూ నా చేతి వంక చూసేది.

ఆ ఏడు దసరా పోయిన తర్వాత మా పెద్ద మేనత్త చనిపోతే నాయిన జిన్నారం పోయి దినాలయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన లేనన్ని రోజులూ ల్యాబ్‌లో ఎరలు సారే కలుపుకున్నాడు, దీపంతలు సారే మార్చుకున్నాడు. శనివారం నాయిన తిరిగి డ్యూటీకి పోయేసరికి సారు పనిమీద పట్నం వెళ్లాడు. షెడ్డంతా కడిగి, చచ్చినవాటిని గుంతలో వేసి, పంజరాలు ఎండబెట్టి, సాయంత్రం బల్ల మీద ఉన్న డబ్బాల్లో చూస్తే ఒక దాంట్లో సగం దాకా మలీద ఉంది. నీలం లేదు. ఎప్పటిలాగే ఇంటికి తెచ్చాడు.

డబ్బా మీద ఒక కాగితం అంటించి ఉంది. సారు డబ్బాలన్నిటి మీదా ఏదో ఒకటి ఇంగ్లిషులో రాసి అంటించేవాడు, అది కొత్త కాదు. కొత్తదేమిటంటే నేను అప్పుడు అయిదో తరగతి, మా బడిలో ఇంగ్లిషు అక్షరాలు అప్పుడే మొదలుపెట్టారు. "అన్సూయా, ఏం రాసిండో సదువు సూద్దాం," అన్నాడు నాయిన. నేను డబ్బా దగ్గరికి పెట్టుకుని వేలు పెట్టి ఒక్కో అక్షరం పలికాను. ఆరు అక్షరాలు, ఆరూ తప్పు లేకుండా. సుగుణ నా వెనకాలే వాటిని అరిచింది. అక్షరాలు కలిపితే ఏమవుతుందో మాకింకా చెప్పలేదు. నాయిన మొహం వెలిగిపోయింది. గోడ మీంచి చూస్తున్న మల్లయ్య మామతో, "ఇంటివా మామా, నా బిడ్డ ఇంగిలీసు సదువుతున్నది," అన్నాడు. ఆ సంతోషంలోనే డబ్బా మూత తీసి మా ఇద్దరి చేతుల్లో తలా ఇంత పోశాడు.

నాకు ఆ వారం జ్వరం. నోరంతా చేదు, ఏదీ పోయేది కాదు. అమ్మ రోజూ పెట్టిన నా వంతు మలీద అమ్మ చూడకుండా సుగుణకు పెట్టేదాన్ని. అది ఇద్దరిదీ తినేది. కోళ్లూ తిన్నాయి, వాటికేమీ కాలేదు. ఆ మందు కోడి ఒంటికి అంతగా పట్టదని తర్వాత తెలిసింది.

గురువారం అమ్మ సుగుణకు నీళ్లు పోస్తూ దాని చేతుల మీద, తొడల మీద కమిలిన మచ్చలు చూసింది. నన్ను పిలిచి, "పోరిని గిట్ల గిచ్చుతరా?" అని చీపురు తిరగేసి కొట్టింది. నేను గిచ్చలేదన్నాను. "అక్క గిచ్చలే," అన్నది సుగుణ కూడా. అమ్మ వినలేదు. శుక్రవారం పళ్ల సందుల్లో నెత్తురు కనిపించింది. వేడి చేసిందని అమ్మ ధనియాల నీళ్లు తాగించింది. శనివారం ముక్కు కారింది. ఉల్లిగడ్డ కోసి వాసన చూపించారు. మేం నీలం రంగుది ఏదీ ముట్టలేదు కాబట్టి ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. నాయిన ఆ వారమంతా చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు, అప్పటికి అది నిద్రపోయేది.

ఆదివారం పొద్దున ఆయన వాకిట్లో మంచం మీద కూచుని సుగుణను ఒళ్లోకి తీసుకున్నాడు. ఎండ దాని వెనక నుంచి పడుతోంది. ఆయన దాని చెవి పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. తర్వాత కింది పెదవి లాగి చూశాడు. నేను ఆ చూపును గుర్తుపట్టాను, షెడ్డులో ఎన్నోసార్లు చూశాను.

"ఇది ఏం తిన్నదే?" అన్నాడు అమ్మతో.

"ఏం తింటది, మనం తిన్నదే. నువ్వు తెచ్చిన మలీద తిన్నది."

"గది సాదాది గద."

"సాదాదే. నీలం లేదు, నేను సూసిన."

నాయిన లేచాడు. దాన్ని భుజాన వేసుకుని, చెప్పులు కూడా లేకుండా షెడ్డు వైపు పరిగెత్తాడు. అమ్మ నా చేతికి డబ్బా ఇచ్చి వెనకాలే ఉరకమన్నది. నేను వాళ్లను అందుకునేసరికి, ముందు రాత్రే పట్నం నుంచి తిరిగొచ్చిన సారు బనియన్ మీదే గది బయట నిలబడి ఉన్నాడు. నా చేతిలో డబ్బా చూశాడు.

"ఇది మీ ఇంటికి ఎలా వచ్చింది నర్సింలూ?"

"పోయిన శనివారం నేనే కొంచవోయిన సారూ. రంగు లేకుండె."

"ఎలుకలు రంగు చూసి బెదురుతున్నాయేమోనని ఈసారి కలపకుండా పెట్టాను. డబ్బా మీద పాయిజన్ అని రాశాను కదా. ఇదిగో."

"నాకు గది రాదు గద సారూ," అన్నాడు నాయిన.

నాయిన నా వైపు చూడలేదు. సారు సుగుణను తీసుకుని జొన్నలు జోకే కాటా మీద కూచోబెట్టాడు. విరుగుడు సూది పట్నంలో ఉంది, పిల్ల బరువెంతో ఎంత తిన్నదో తెలిస్తే డాక్టర్లకు పని తొందరగా అవుతుందన్నాడు. తెల్ల కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. పేరు అడిగాడు, నాయిన చెప్పాడు. వయసు అడిగాడు, చెప్పాడు. ఎన్ని రోజులు తిన్నదని అడిగితే నాయిన ఆగిపోయాడు.

"దినాం తిన్నది. నాది గూడ దానికే పెట్టిన," అన్నాను నేను.

"రోజుకు ఎంతమ్మా?"

నేను దోసిలి పట్టి చూపించాను. సారు నా దోసిలి వంక కాసేపు చూసి ఏదో అంకె వేశాడు.

కంపెనీ జీపులో ముగ్గురూ పట్నం వెళ్లిపోయారు. జీపు ఎక్కడం సుగుణకు అదే మొదలు, నాయిన ఒళ్లోంచి నాకు చెయ్యి ఊపింది. పెదవి మీద నెత్తురు ఉంది, నవ్వుతోంది. మంగళవారం పొద్దున జీపు తిరిగొచ్చింది. సూది పడిందట, నెత్తురు కూడా ఎక్కించారట, అప్పటికే తల లోపల కారిపోయిందన్నారట. పసిపిల్ల కాబట్టి కాల్చలేదు, మా జొన్నచేను గెట్టున పూడ్చారు. చేను అప్పటికి మోకాలెత్తు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ నన్ను కొట్టినందుకు కొన్నాళ్లు నా వీపు నిమిరేది, అంతే. మళ్లీ ఏ పండుగకూ ఆమె మలీద చేయలేదు, ఎవరైనా పెడితే కొంగున కట్టి తెచ్చి బూడిద కుప్పలో కప్పేది. నాయిన పదకొండో రోజు తర్వాత పనికి పోయాడు, పోక ఏం చేస్తాడు. సారు షెడ్డు మెట్ల మీద నాయిన పక్కన కూచుని, విషానికి ఉర్దూ మాట జహర్ అని రాయడం నేర్చుకున్నాడు. పలక మీద ఎన్నో రోజులు దిద్దాడని విన్నాను. నాయిన నన్ను సంగారెడ్డి బడికీ, ఆ తర్వాత పట్నం కాలేజీకీ పంపాడు. ఆడపిల్లకు ఇంగ్లిషు చదువెందుకని మా పెదనాయినలు అడిగితే "అక్కెర ఉంటది" అనేవాడు, ఇంకో మాట చెప్పేవాడు కాదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, అక్కడ ఒక రసాయనాల కంపెనీ వాళ్ల గోదాము ఉంది. సారు ఎటు బదిలీ అయ్యాడో తెలియదు. మా చేను కూడా ఫ్యాక్టరీ కింద పోయింది, చెల్లెను పూడ్చిన గెట్టు ఎత్తయిన ప్రహరీ లోపల ఎక్కడో ఉంది. గేటు దగ్గర వెనక్కి పొమ్మనే కాపలావాళ్లకు మా భాషా రాదు, మా ఊరూ తెలియదు. అనపకాయలు ఉడికే వాసన పోయి వాగులోంచి ముక్కు మండే వాసన వస్తుంది. సుగుణకు ఫొటో లేదు, బడిలో పేరు లేదు, దాని పేరు రాసిన కాగితం ఈ లోకంలో ఉన్నదంటే సారు రాసిన ఆ తెల్ల కాగితం ఒక్కటే, అది ఏ చిత్తుకాగితాల్లో కలిసిందో. అమ్మ కూడా పోయాక, దాని మొహం గుర్తున్నవాళ్లం ఇద్దరమే మిగిలాం. నాకు ఆ మొహం కూడా ఈ మధ్య చెదిరిపోతోంది. ఎత్తుకుంటే చంకలో ఎంత బరువుండేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

నిన్న ఆదివారం నాయిన వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు, పాపను దూరం నుంచే ఆడిస్తాడు, ఎంత చెప్పినా తన చేత్తో దానికి ఏదీ తినిపించడు. దవాఖానలో పాపను జోకించామని, ఎనిమిది కిలోలు దాటిందని చెప్పాను. మంచిదన్నాడు. పదిహేనేళ్లలో ఎన్నడూ ఆయన దగ్గర తేని పేరు అప్పుడు తెచ్చాను.

"నాయినా, సుగుణ ఎంతుండె?"

ఆయన తల ఎత్తలేదు. ఆలోచించలేదు కూడా.

"పదకొండు కిలోల ఆరు వందలు," అన్నాడు. "సారు రెండుసార్లు జోకిండు."